తప్పు జరిగింది సరే.. రుజువేదీ?

లాలాపేట్‌లో మా వీధి చివర ఉండే పెద్దాయన రైల్వేలో పనిచేసి రిటైరయ్యారు. మొన్నొక సాయంత్రం బట్టల షాపు సంచి పట్టుకుని వచ్చారు. సంచి నిండా మందుల చీటీలు, రక్తపరీక్షల రిపోర్టులు, స్కానింగ్ ఫిల్ములు, రశీదులు. భార్యకు పిత్తాశయంలో రాళ్లుంటే ఒక ప్రైవేటు ఆస్పత్రిలో ల్యాప్రోస్కోపీ ఆపరేషన్ చేయించారట. మర్నాటి నుంచే కడుపులో నొప్పి. అడిగితే గ్యాస్ నొప్పి, అదే తగ్గుతుందన్నారట. నాలుగో రోజుకు జ్వరం వచ్చింది, కళ్లు పచ్చబడ్డాయి. హడావుడిగా ఇంకో ఆస్పత్రికి తీసుకెళ్తే, పైత్యరసం వెళ్లే నాళానికి గాయమై లోపల కారుతోందని చెప్పి మళ్లీ కడుపు కోశారు. ఆమె బతికారు. దాచుకున్న డబ్బు మాత్రం మిగల్లేదు.

‘‘అంతా ఇందులనే ఉంది సార్. కేసేస్తే గెలుస్తమా?’’

సంచిని బల్ల మీద బోర్లించి చూశాం. నిజమే, దాదాపు అన్నీ ఉన్నాయి. మొదటి ఆస్పత్రి కేస్‌షీటు ఒక్కటే లేదు.

ఆయన అడిగిన ప్రశ్నను చాలా ఇళ్లలో అడుగుతుంటారు. వైద్యంలో నిర్లక్ష్యం జరిగిందని నమ్మేవాళ్లకు ముందున్నవి ప్రధానంగా మూడు దారులు: పోలీసు కేసు, మెడికల్ కౌన్సిల్‌కు ఫిర్యాదు, నష్టపరిహారం కోసం సివిల్ పోరాటం. మూడోది వినియోగదారుల కమిషన్‌లో గానీ సివిల్ కోర్టులో గానీ నడుస్తుంది. ఆ కమిషన్ దారే మూతపడుతుందేమోనన్న సందేహం ఆమధ్య వచ్చింది. డాక్టర్లు వినియోగదారుల చట్టం కిందికి వస్తారని 1995 నవంబరులో వి.పి.శాంత కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. 2024 మే నెలలో లాయర్లను ఆ చట్టం నుంచి మినహాయిస్తూ ఇచ్చిన తీర్పులో, డాక్టర్ల విషయం కూడా పెద్ద ధర్మాసనం మళ్లీ చూడాల్సి ఉందని ఇద్దరు న్యాయమూర్తులు అన్నారు. అదే ఏడాది నవంబరులో ముగ్గురు న్యాయమూర్తుల ధర్మాసనం ఆ అవసరం లేదని తేల్చింది. కాబట్టి దారి తెరిచే ఉంది. అయితే ఆ దారిలో గమ్యం చేరేదెవరు అన్నదే అసలు ప్రశ్న. దానికి జవాబు వెతకడానికి దూరం పోనక్కర్లేదు. దేశమంతా లాయర్లు ఉదహరించే రెండు కేసులు మన హైదరాబాద్‌వే.

మలేరియా అధికారి ఇంట్లో మలేరియా

మొదటిది వి.కిషన్‌రావు కేసు. ఆయన ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వ మలేరియా విభాగంలో అధికారి. 2002 జులై 20న జ్వరం, చలితో బాధపడుతున్న భార్యను నిఖిల్ సూపర్ స్పెషాలిటీ ఆస్పత్రిలో చేర్చారు. అక్కడ టైఫాయిడ్‌కు వైద్యం చేశారు. తగ్గలేదు. ఊపిరి ఆడటం కష్టమైంది. జులై 24న యశోద ఆస్పత్రికి మార్చేసరికి పరిస్థితి చేయిదాటింది. ఆమె చనిపోయారు.

ఇక్కడ రెండో ఆస్పత్రి కాగితాలు చూడండి. అక్కడ చేసిన పరీక్షల్లో టైఫాయిడ్‌ను సూచించే వైడాల్ నెగెటివ్, మలేరియా పరీక్ష పాజిటివ్. మరణ కారణంలోనూ మలేరియా అన్న మాట ఉంది. ఇక విచారణలో మొదటి ఆస్పత్రి తరఫున సాక్ష్యం చెప్పిన డాక్టరే మలేరియాకు తాను వైద్యం చేయలేదని ఒప్పుకున్నారు. జిల్లా ఫోరం రూ. 2 లక్షల పరిహారం ఇమ్మంది. రాష్ట్ర కమిషన్ దాన్ని కొట్టేసింది. కారణం? ఫిర్యాదీ నిపుణుడైన డాక్టరు చేత సాక్ష్యం చెప్పించలేదట. జాతీయ కమిషన్ కూడా అదే మాట మీద నిలబడింది.

2010 మార్చి 8న సుప్రీంకోర్టు ఈ వరసను తిరగేసింది. ప్రతి వైద్య కేసుకూ నిపుణుడి సాక్ష్యం తప్పనిసరి కాదు, కేసు క్లిష్టమైనదైతేనే అవసరం, కాగితాలే విషయం చెబుతున్నప్పుడు అక్కర్లేదు అంది. జిల్లా ఫోరం ఇచ్చిన రూ. 2 లక్షలను నిలబెట్టింది. ఎనిమిదేళ్లకు దగ్గరగా పట్టింది. డబ్బు లెక్కన చూస్తే ఇది చిన్న గెలుపు. కానీ ఆ తర్వాత ఫిర్యాదు చేసిన ఎన్నో కుటుంబాలకు ఈ తీర్పే ఆధారం. ఎందుకంటే సాటి డాక్టరుకు వ్యతిరేకంగా కోర్టుకొచ్చి సాక్ష్యం చెప్పే డాక్టరు దొరకడం ఎంత కష్టమో కేసు నడిపిన వాళ్లకు తెలుసు.

కిషన్‌రావు గెలిచింది భార్య పోయిన బాధను గట్టిగా చెప్పుకున్నందుకు కాదు. ‘వ్యాధి ఇది, వైద్యం దానికి చేశారు, మధ్యలో ఇన్ని రోజులు పోయాయి, అందువల్ల ప్రాణం పోయింది’ అని కాగితాల మీదే చూపగలిగారు కాబట్టి. సివిల్ కేసు మొత్తం ఈ గొలుసులోనే ఉంది. రోగిని చూసే బాధ్యత ఆ ఆస్పత్రికి ఉందా? ఆ బాధ్యతలో తప్పిందా? ఆ తప్పు వల్లనే నష్టం జరిగిందా? నష్టం ఎంత? మొదటిది తేలిక, అడ్మిషన్ రశీదు చాలు. చివరిది లెక్కలు. గొలుసు తెగేది ఎక్కువగా మధ్యలోని రెండు కొక్కేల దగ్గరే, అందులోనూ మూడో దాని దగ్గర. తప్పు జరిగిందని తేలినా, ఆ తప్పు లేకపోయినా రోగి దక్కేవాడు కాదని అవతలి వాళ్లు నమ్మించగలిగితే కేసు నీరుగారుతుంది.

ఫిర్యాదీకి అనుకూలమైన సంగతి ఒకటుంది. క్రిమినల్ కేసులో సందేహానికి తావులేకుండా నేరం రుజువు కావాలి. సివిల్‌లో అంత అక్కర్లేదు. రెండు వైపుల వాదనల్లో ఏది జరిగి ఉండటానికి ఎక్కువ అవకాశం ఉందో చూస్తారు. త్రాసులో మీ పళ్లెం కొంచెం కిందికి వంగితే చాలు. అందుకే పోలీసు కేసు వీగిపోయిన చోట కూడా పరిహారం వచ్చే వీలుంటుంది.

బయాప్సీకి సంతకం, గడ్డ తీసేశారు

రెండోది ప్రశాంత్ ధననక కేసు. 1990 అక్టోబరు. ఇరవై ఏళ్ల ఇంజినీరింగ్ విద్యార్థి, తరచూ జ్వరమొస్తోందని పరీక్షలు చేయిస్తే ఛాతీలో గడ్డ బయటపడింది. నిమ్స్‌లో చేరాడు. గడ్డ ఏ రకమో తెలుసుకోవడానికి ముక్క తీసి పరీక్షిస్తామంటే కుటుంబం ఒప్పుకుంది. థియేటర్‌లో గడ్డను పూర్తిగా తీసేశారు. మెలకువ వచ్చేసరికి నడుము కింద స్పర్శ లేదు. చక్రాల కుర్చీ జీవితమంతటికీ తోడైంది.

1993లో జాతీయ కమిషన్‌కు వెళ్లారు. 1999లో రూ. 15.5 లక్షలు ఇమ్మని తీర్పొచ్చింది. ఎక్కువని ఆస్పత్రి, తక్కువని ప్రశాంత్, ఇద్దరూ సుప్రీంకోర్టుకు వెళ్లారు. అక్కడ ప్రశాంత్ చక్రాల కుర్చీలోనే కూర్చుని తన కేసు తానే వాదించుకున్నారు. 2009 మేలో కోర్టు పరిహారాన్ని రూ. 1 కోటికి పెంచింది, ఆపైన వడ్డీ.

కోర్టును ఒప్పించినవి ప్రధానంగా రెండు విషయాలు. పరీక్ష కోసమని తీసుకున్న సంతకం గడ్డ మొత్తం తీయడానికి చెల్లదు. వెన్నెముక పక్కనుండే గడ్డ కాబట్టి ఆపరేషన్‌కు ముందే న్యూరోసర్జన్‌ను కలుపుకోవాల్సింది, ఆ పని జరగలేదు. నిర్లక్ష్యం జరిగిందని ఫిర్యాదీ మొదటిమెట్టుగా చూపగలిగితే, తాము జాగ్రత్తగానే ఉన్నామని రుజువు చేసుకోవాల్సిన బరువు ఆస్పత్రి మీదికి మారుతుందని కూడా కోర్టు ఈ తీర్పులో స్పష్టం చేసింది. కేస్‌షీటు ఆస్పత్రి చేతిలోనే ఉంటుంది, థియేటర్‌లో ఏం జరిగిందో రోగికి తెలియదు. అందుకని ఇది న్యాయమైన మాటే.

కోటి రూపాయలు ఎక్కడి నుంచి వచ్చాయన్నది కూడా నేర్చుకోదగ్గ పాఠం. జీవితం నాశనమైంది కాబట్టి కోటి ఇవ్వండి అంటే ఏ కోర్టూ ఇవ్వదు. నర్సుకు నెలకు రూ. 4,000 చొప్పున 30 ఏళ్లు, ఫిజియోథెరపీకి నెలకు రూ. 3,000 చొప్పున 30 ఏళ్లు.. ఇలా ఒక్కో ఖర్చూ విడగొట్టి లెక్క వేశారు. మందులు, పోగొట్టుకున్న సంపాదన, అనుభవించిన బాధ, ఇవి విడిగా. అంటే పరిహారం అడిగేవాళ్ల దగ్గర ఇంటి ఖర్చుల పుస్తకం కూడా సాక్ష్యమే.

డాక్టరు వైపు నుంచి చూస్తే

ఈ రెండు కథలూ చదివి ప్రతి చావు వెనుకా ఒక తప్పు ఉందనుకుంటే పొరపాటు. 2005 ఆగస్టులో జాకబ్ మాథ్యూ కేసులో సుప్రీంకోర్టు గీసిన గీత ఇప్పటికీ చెరగలేదు. వైద్యం ఫలించకపోవడం నిర్లక్ష్యం కాదు. ఒప్పుకున్న పద్ధతులు రెండున్నప్పుడు డాక్టరు ఒకటి ఎంచుకుంటే, రెండోదైతే బాగుండేదని తర్వాత అనిపించినంత మాత్రాన తప్పు కాదు. అత్యుత్తమ నిపుణుడిలా చేయకపోవడం కూడా తప్పు కాదు, ఆ చదువున్న సాధారణ డాక్టరు చూపాల్సిన శ్రద్ధ చూపాడా అన్నదే కొలమానం.

మా పెద్దాయన సంచిలోని సమస్య సరిగ్గా ఇక్కడే ఉంది. పిత్తాశయం తీసేటప్పుడు పైత్యనాళానికి గాయం కావడం వైద్యపుస్తకాల్లో ఉన్న సంగతే, చేయి తిరిగిన సర్జన్లకూ అరుదుగా జరుగుతుంది. గాయమైందని చూపిస్తే చాలదు. ఆ తర్వాతి నాలుగు రోజుల్లో ఏం జరిగిందన్నది కీలకం. నొప్పి అని ఆమె ఎప్పుడు చెప్పారు? నర్సు రాసిందా? డాక్టరు ఎన్నింటికి వచ్చి చూశారు? రక్తపరీక్ష, అల్ట్రాసౌండ్ చేశారా, చేసుంటే ఎప్పుడు? కామెర్లు కనబడ్డాక ఎన్ని గంటలకు పంపించారు? ఈ జవాబులన్నీ ఒక్కచోటే ఉంటాయి. అదే ఆయన దగ్గర లేని కేస్‌షీటు.

దాన్ని ఇవ్వమని అడగటం దయ కోరడం కాదు, హక్కు. వైద్యుల ప్రవర్తనపై భారత వైద్య మండలి 2002లో తెచ్చిన నిబంధనల ప్రకారం ఇన్‌పేషెంట్ రికార్డులను మూడేళ్లు భద్రపరచాలి. రోగి గానీ, రోగి తరఫున అధికారం ఉన్నవారు గానీ అడిగితే అందినట్టు రాసిచ్చి, 72 గంటల్లో ఇవ్వాలి. అందుకే నోటితో అడగొద్దు. తెల్లకాగితం మీద రాసి ఇవ్వండి, రెండో ప్రతి మీద స్టాంపు, తేదీ వేయించుకోండి. ఇవ్వకపోతే ఆ స్టాంపు ఉన్న కాగితమే రేపు మీ తరఫు సాక్ష్యమవుతుంది. అడిగింది డిశ్చార్జి సమ్మరీ కాదని గుర్తుంచుకోండి. సమ్మరీ అంటే ఆస్పత్రి తన మాటల్లో చెప్పిన కథ. కావాల్సింది నర్సుల నోట్సు, ఆపరేషన్ నోట్సు, అనస్తీషియా రికార్డు, మీరు సంతకం పెట్టిన కన్సెంట్ పత్రం.

రైల్వే ఆస్పత్రి, ఆర్టీసీ ఆస్పత్రి.. మరి గాంధీ?

లాలాపేట్, లాలాగూడ, తార్నాక వాళ్లకు ఈ ప్రశ్న ముఖ్యం. ఇక్కడ రైల్వే కేంద్ర ఆస్పత్రి ఉంది, ఆర్టీసీ ఆస్పత్రి ఉంది. కొంచెం ముందుకెళ్తే గాంధీ. ‘ఫ్రీగా చూపించుకున్నం, మనకు కేసెక్కడిది?’ అనుకునే కుటుంబాలు ఇక్కడ చాలా ఉన్నాయి. అన్నిచోట్లా అది నిజం కాదు.

రోగులందరికీ ఉచితంగా వైద్యం చేసే ప్రభుత్వ ఆస్పత్రి వినియోగదారుల చట్టం కిందికి రాదు. నామమాత్రపు ఓపీ చీటీ డబ్బుల్ని ఫీజుగా లెక్కించరు. కొందరి దగ్గర డబ్బు తీసుకుని కొందరికి ఉచితంగా చూసే ఆస్పత్రైతే ఉచితంగా చూపించుకున్నవాళ్లు కూడా వినియోగదారులే. బిల్లు బీమా కంపెనీ కట్టినా అంతే. ఉద్యోగి తరఫున యాజమాన్యం భరించే వైద్యం కూడా ఉచితం కిందికి రాదని వి.పి.శాంత తీర్పులోనే ఉంది. తర్వాత సెంట్రల్ రైల్వేకు సంబంధించిన కోట్గిరి కేసులో సుప్రీంకోర్టు ఇంకాస్త స్పష్టంగా చెప్పింది. రైల్వే ఆస్పత్రి వైద్యం ఉద్యోగుల సర్వీసు షరతుల్లో భాగం, కాబట్టి వాళ్లు వినియోగదారులే. ఆర్టీసీ కుటుంబాలు కూడా ఇదే తర్కంతో వాదించవచ్చు.

గాంధీ, ఉస్మానియాల్లాంటి చోట తప్పు జరిగిందనుకుంటే సివిల్ కోర్టు ఉంది. ఔరంగాబాద్ ప్రభుత్వాసుపత్రిలో 1963లో కాన్పు తర్వాత చేసిన కుటుంబ నియంత్రణ ఆపరేషన్‌లో కడుపులో గుడ్డ వదిలేశారు. ఆ తల్లి చనిపోయింది. ప్రభుత్వమే పరిహారం కట్టాలని సుప్రీంకోర్టు 1996లో తీర్పిచ్చింది. గుడ్డ తనంతట తాను కడుపులోకి పోదు, అక్కడ వేరే రుజువు అడగనక్కర్లేదు. అయినా 33 ఏళ్లు! మన వ్యవస్థ గురించి ఆ అంకె చెప్పేదానికి నేను కలపగలిగేది ఏమీ లేదు.

ఎంత ఖర్చు, ఎంత కాలం

సివిల్ కోర్టులో అడిగిన మొత్తాన్ని బట్టి కోర్టు ఫీజు కట్టాలి. వినియోగదారుల కమిషన్‌లో అలా కాదు. 2020 జులై నుంచి అమల్లోకి వచ్చిన 2019 చట్టంలో పెద్ద మార్పొకటి జరిగింది. ఏ కమిషన్‌కు వెళ్లాలన్నది మీరు అడిగే పరిహారాన్ని బట్టి కాదు, ఆస్పత్రికి మీరు కట్టిన డబ్బును బట్టి ఉంటుంది. కట్టింది రూ. 50 లక్షల లోపైతే జిల్లా కమిషన్, అక్కడి నుంచి రూ. 2 కోట్ల దాకా రాష్ట్ర కమిషన్, ఆ పైన జాతీయ కమిషన్. ఈ పద్ధతి చెల్లుతుందని 2025 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు ఖరారు చేసింది. అంటే ఆస్పత్రికి రూ. 4 లక్షలు కట్టిన కుటుంబం కోటి రూపాయలు అడిగినా జిల్లా కమిషన్‌కే వెళ్తుంది. కట్టింది రూ. 5 లక్షల లోపైతే ఫిర్యాదు రుసుమూ లేదు. ఆస్పత్రి ఏ ఊళ్లో ఉన్నా మీరుండే చోటే ఫిర్యాదు వేయవచ్చు, ఆన్‌లైన్‌లోనూ వేయవచ్చు.

చాలామందికి తెలియని మరో తలుపు ఉంది. శాశ్వత లోక్ అదాలత్. ఆస్పత్రి సేవలు దాని పరిధిలోకి వస్తాయి, కోటి రూపాయల దాకా వివాదాలు చూస్తుంది. ముందు రాజీకి ప్రయత్నిస్తుంది, కుదరకపోతే తానే తేలుస్తుంది. అయితే ఏ కోర్టుకూ వెళ్లకముందే వెళ్లాలి. మహిళలకు, ఎస్సీ, ఎస్టీలకు ఆదాయంతో పని లేకుండా ఉచిత న్యాయసహాయం చట్టంలోనే ఉంది. పెద్దాయన కేసులో రోగి ఆయన భార్య కాబట్టి ఫిర్యాదు ఆమె పేరున వేస్తే ఇదీ కలిసొస్తుంది.

గడువు మాత్రం మరిచిపోవద్దు. కమిషన్‌కు రెండేళ్లు. దుఃఖంలో ఏడాది, బంధువుల పంచాయితీలో ఆరు నెలలు, ‘చూస్తాం లెండి’ అన్న ఆస్పత్రి మాటల్లో ఇంకో ఆరు నెలలు పోయాక లాయరు దగ్గరికొచ్చేవాళ్లే ఎక్కువ. ఆలస్యానికి తగిన కారణముంటే మన్నించే వీలుంది గానీ, దాన్ని నమ్ముకోవడం జూదమే. ఫిర్యాదును మూడు నెలల్లో తేల్చాలని చట్టం చెబుతుంది. ఆ మాటకు ఎవరూ క్యాలెండరు మీద గుర్తు పెట్టుకోరు.

ఆస్పత్రి గేటు దగ్గర

ఇంత తతంగం ఎందుకని ఆస్పత్రి ముందు బైఠాయించేవాళ్లు, అద్దాలు పగలగొట్టేవాళ్లు ఉన్నారు. ఆ కోపం అర్థమవుతుంది. కానీ ఆస్పత్రుల మీద దాడులకు మన దగ్గర 2008 నుంచే ప్రత్యేక చట్టం ఉంది. బాధితుడు నిందితుడు కావడానికి పది నిమిషాలు చాలు. గొడవ మధ్యలో ఎవరో పెద్దమనిషి వచ్చి కొంత ముట్టజెప్పి, ‘మాకెలాంటి ఫిర్యాదూ లేదు’ అన్న కాగితం మీద సంతకం పెట్టించుకుంటాడు. తర్వాత కేసు వేస్తే అవతలి లాయరు మొదట తీసేది ఆ కాగితమే.

పోలీసు ఫిర్యాదు గురించి కూడా ఒక మాట. భారతీయ న్యాయ సంహిత 106వ సెక్షన్ కింద వైద్యం చేస్తూ నిర్లక్ష్యంతో మరణానికి కారణమైన డాక్టరుకు రెండేళ్ల దాకా జైలు పడవచ్చు. కానీ అక్కడ నిరూపించాల్సింది మామూలు పొరపాటు కాదు, ఘోరమైన నిర్లక్ష్యం. అలాంటి కేసులు తక్కువే నిలబడతాయి. మరణం అనుమానాస్పదంగా ఉంటే పోస్టుమార్టం మాత్రం చేయించండి. ‘పోయినోళ్లను మళ్లా కొయ్యడమెందుకు’ అని వద్దనుకున్న చోట మరణ కారణం ఎప్పటికీ ఊహగానే మిగులుతుంది. గొలుసులో మూడో కొక్కెం అక్కడే తెగుతుంది.

మా పెద్దాయనకు గెలుస్తారని నేను చెప్పలేదు. రెండో ఆస్పత్రి సర్జన్ తన నోట్సులో గాయం ఎక్కడుందో, ఎంత పైత్యరసం పోగయిందో రాశారు. కిషన్‌రావు కేసులో లాగే అది బలమైన కాగితం. మొదటి ఆస్పత్రి నోట్సు దానితో కలిపి చదివితే గానీ త్రాసు ఎటు వంగేదీ తెలియదు. ఇద్దరం కూర్చుని అర్జీ రాశాం. ఆమె సంతకం పెట్టారు. సోమవారం పొద్దున ఆయన వెళ్లి ఇచ్చొచ్చారు. రిసెప్షన్‌లో స్టాంపు వేయడానికి ముప్పావు గంట నిలబెట్టారట.

‘‘ఏసినంక గాని కదల్లే సార్’’ అన్నారు, రెండో ప్రతిని సంచిలో అన్నిటికంటే పైన పెడుతూ.